ఐదుగురున్న ఇంటికి ఏ ఫ్రిజ్ సరిపోతుంది: సింగిల్ డోరా, డబుల్ డోరా?

సందేహం (నరసరావుపేట నుంచి)

మా ఇంట్లో పధ్నాలుగేళ్ళుగా పనిచేస్తున్న 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ ఈ మధ్య పాలను కూడా సరిగా చల్లబరచడం లేదు. గ్యాస్ ఎక్కించాలని, ఆ తరువాత కంప్రెసర్ కూడా మార్చవలసి రావచ్చని మరమ్మతుకు వచ్చినతను చెప్పాడు. అంత ఖర్చు పెట్టడం కంటే కొత్తది కొనడమే మేలనిపించింది. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మగారు కలిపి ఇంట్లో ఐదుగురం ఉంటాము. అమ్మకు షుగర్ ఉన్నందువల్ల ఇన్సులిన్ ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంటుంది. మాది రెండో అంతస్తులో అద్దె ఇల్లు, వేసవి సాయంత్రాల్లో వోల్టేజి బాగా పడిపోతుంది.

షాపులో మూడు చూపించారు. మొదటిది 5 స్టార్ ఉన్న 200 లీటర్ల సింగిల్ డోర్. దాని లేబుల్ మీద ఏడాదికి 128 యూనిట్లని రాసి ఉంది. రెండోది 3 స్టార్ ఉన్న 260 లీటర్ల ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్. దాని మీద 204 యూనిట్లని ఉంది, ధర తొమ్మిది వేలు ఎక్కువ. మూడోది పక్కపక్కన రెండు తలుపులుండే పెద్దది. పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి మిగిలిన మొత్తాన్ని వాయిదాల్లో కట్టవచ్చని, అది ఇన్వర్టర్ ఫ్రిజ్ కనుక కరెంటు పోయినా ఇబ్బంది ఉండదని సేల్స్ కుర్రవాడు గట్టిగా చెప్పాడు. ఈ మూడింటిలో ఏది తీసుకోమంటారో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (గుంటూరులో ఇరవై రెండేళ్ళుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్న సభ్యుడు)

ముందుగా ఒక పని చేయండి. మీ పాత ఫ్రిజ్ ఫ్రీజర్ తలుపు తీసి, అందులో ఇప్పుడు ఏమేమి ఉన్నాయో ఒక్కటీ వదలకుండా ఇక్కడ రాయండి. లీటర్ల సంగతి, స్టార్ల సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.

ఈలోగా మూడోదాన్ని పక్కన పెట్టేయవచ్చు. అది దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అద్దె ఇంటి వంటగది గుమ్మాలు చాలావరకు అంత వెడల్పు ఉండవు, రెండంతస్తుల మెట్ల మలుపులో దాన్ని తిప్పడం మరో ప్రహసనం, రేపు ఇల్లు మారవలసి వస్తే అదంతా మళ్ళీ మొదటికి వస్తుంది. ఇక ఇన్వర్టర్ అన్న మాట విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఫ్రిజ్ మీద రాసిన ఇన్వర్టర్‌కూ, ఇంట్లో బ్యాటరీతో నడిచే ఇన్వర్టర్‌కూ సంబంధం లేదు. పాత రకం కంప్రెసర్ ఒకే వేగంతో తిరిగి, చల్లబడగానే ఆగి, మళ్ళీ మొదలవుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ అవసరాన్ని బట్టి వేగాన్ని తగ్గించుకుంటూ పెంచుకుంటూ నెమ్మదిగా తిరుగుతుంది, అందువల్ల శబ్దమూ కరెంటూ తగ్గుతాయి. కరెంటు పోతే మాత్రం అదీ ఆగిపోవలసిందే. ఇంటి ఇన్వర్టర్ ఉన్నవారికి ఒక లాభం ఉంది, ఇది మొదలయ్యేటప్పుడు పాతదానిలా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగదు కనుక బ్యాటరీ మీద భారం తక్కువ.

సందేహం అడిగినవారి జవాబు

మీరు చెప్పినట్లే చూశాను. సగం నిండిన రెండు ఐసు ట్రేలు, పచ్చి బఠానీ ప్యాకెట్ ఒకటి, చిన్న డబ్బాలో తురిమిన కొబ్బరి, ఎప్పటిదో గుర్తు లేని మిఠాయి పొట్లం ఒకటి ఉన్నాయి. గోడలకు మాత్రం రెండు వేళ్ళ మందాన ఐసు పట్టింది. చికెన్ ఆదివారం తెచ్చి ఆదివారమే వండేస్తాము. కింది అరల్లో మాత్రం ఎప్పుడూ చోటు చాలదు, ముఖ్యంగా దోసె పిండి గిన్నె పెట్టాలంటే పై అర ఖాళీ చేయవలసి వస్తుంది.

సమాధానం (గుంటూరు సభ్యుడు)

అయితే మీకు కావలసింది కింది భాగంలో చోటు, ఫ్రీజర్ కాదు. ఇప్పుడు షాపువారు చెప్పని లెక్క ఒకటి చూడండి. 260 లీటర్ల డబుల్ డోర్‌లో ఫ్రీజర్‌కే సుమారు అరవై లీటర్లు పోతుంది, మిగిలే కింది భాగం రెండు వందల లీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 200 లీటర్ల సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ పదిహేను, ఇరవై లీటర్లకు మించదు కనుక కింది భాగం సుమారు నూట ఎనభై లీటర్లు. అంటే మీరు తొమ్మిది వేలు ఎక్కువ పెట్టి ప్రధానంగా కొనేది బఠానీ ప్యాకెట్‌కు విశాలమైన గది. దోసె పిండికి దక్కే అదనపు చోటు ఒక అరకు మించదు. లేబుల్ మీద మొత్తం లీటర్లను చూసి సంతోషపడకుండా, ఫ్రీజర్‌కు ఎంత, కింది భాగానికి ఎంత అని విడివిడిగా అడగండి. ఆ వివరం కంపెనీ పత్రంలో ఉంటుంది.

అయితే తేడా చోటులో ఒక్కటే కాదు, పనిచేసే తీరులోనూ ఉంది. సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ పెట్టె గోడల్లోనే చల్లటి గొట్టం చుట్టి ఉంటుంది. అక్కడ చల్లబడిన గాలి బరువెక్కి తనంతట తానే కిందకు దిగుతుంది. ఫ్యాను లేదు, హీటర్ లేదు, కాబట్టి కరెంటు తక్కువ, చెడిపోయే భాగాలూ తక్కువ. బదులుగా గోడలకు ఐసు పడుతుంది, దాన్ని మనమే అప్పుడప్పుడు మీట నొక్కి కరిగించాలి. ఐసు మందం పెరిగేకొద్దీ అది దుప్పటిలా అడ్డుపడి, చల్లదనం కిందకు దిగక కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది. మీరు చెప్పిన రెండు వేళ్ళ ఐసు కూడా మీ పాత ఫ్రిజ్ ఇబ్బందికి కొంత కారణం కావచ్చు, కనుక పూర్తిగా కరిగించి ఒక రోజు చూడండి. కత్తితో, అట్లకాడతో మాత్రం పొడవకండి. నా దగ్గరకు గ్యాస్ పోయిందని వచ్చిన సింగిల్ డోర్లలో చాలావాటికి ఫ్రీజర్ గోడ మీద కత్తి మొన దిగిన సన్నని గాటు కనిపించేది. అల్యూమినియం గోడ వెనుకే గొట్టం ఉంటుందని ఇంట్లోవారికి ఎవరూ చెప్పరు.

ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లటి గొట్టాలు వెనుక పలక చాటున ఉంటాయి. ఫ్యాను ఆ చల్లగాలిని రెండు భాగాల్లోకీ తోస్తుంది, గొట్టాలకు పట్టిన మంచును కొన్ని గంటలకు ఒకసారి చిన్న హీటర్ కరిగిస్తుంది, ఆ నీరు సన్నని గొట్టం గుండా కంప్రెసర్ మీదున్న పళ్ళెంలో పడి ఆ వేడికే ఆవిరవుతుంది. సౌకర్యం నిజమే. ఆ హీటరో, దాని సెన్సరో చెడితే మాత్రం లోపల మంచు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. పైన ఐసు బాగానే ఉంటుంది, కింద పాలు విరిగిపోతాయి. సర్క్యూట్ బోర్డు మీద బల్లి పడి కాలిపోయిన సందర్భాలు కూడా చూశాను.

సమాధానం (ఖమ్మం నుంచి ఒక గృహిణి)

మెకానిక్ గారు చెప్పినదాన్ని కాదనను గానీ, ఐసు కరిగించే రోజు ఆ నీళ్ళన్నీ తుడిచేది ఎవరో కూడా ఆలోచించాలి. ఏడేళ్ళుగా మా ఇంట్లో ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్ ఉంది, ఫ్రీజర్‌ను మామూలు ఫ్రిజ్‌గా మార్చుకునే వీలున్న కన్వర్టబుల్ రకం. సంక్రాంతికి చుట్టాలు వచ్చినప్పుడు పై భాగాన్ని కూడా ఫ్రిజ్‌గా మార్చి పాల ప్యాకెట్లు, పెరుగు గిన్నెలు, పులిహోర అందులో పెట్టుకుంటాము. అలా మార్చే ముందు గడ్డకట్టి ఉండవలసినవన్నీ బయటికి తీసేయాలి, ఆ రోజుల్లో ఐసు ఉండదు. మేలో పిల్లలు ఐసు కావాలంటారు కాబట్టి వేసవంతా మాది ఫ్రీజర్‌గానే ఉంటుంది.

ఫ్రాస్ట్ ఫ్రీలో గాలి ఆగకుండా తిరుగుతూ తేమను లాగేస్తుంది. కొత్తిమీర, కరివేపాకు మూత లేకుండా పెడితే మూడో రోజుకు వడలిపోతాయి, దోసె పిండి మీద ఎండిన పొర కడుతుంది. అన్నిటికీ మూతలు, డబ్బాలు పెట్టుకోవలసిందే. మరొక్క మాట, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, అరటిపండ్లు, ఆవకాయ జాడీ లోపల పెట్టి చోటు చాలడం లేదనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. అవి బయట ఉంటేనే మంచిది.

సందేహం అడిగినవారి జవాబు

ఖమ్మం సోదరి గారి మాట చదివి నా భార్య నా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించలేను. కరెంటు ఖర్చు, వోల్టేజి, ఇన్సులిన్ గురించి కూడా ఒక్క మాట చెప్పగలరా?

సమాధానం (గుంటూరు సభ్యుడు)

మీరు రాసిన రెండు లేబుళ్ళ మధ్య తేడా ఏడాదికి 76 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఏడాదికి 456 రూపాయలు. ఇంట్లో అదనంగా కాలే యూనిట్లు మీ బిల్లులోని ఆఖరి స్లాబు ధరకే పడతాయి కనుక, ఏసీ కూడా వాడే ఇల్లయితే ఇంకొంత ఎక్కువవుతుంది. స్టార్ల సంఖ్య కంటే యూనిట్ల సంఖ్యనే చూడమని నేను చెప్పడానికి కారణం ఉంది. స్టార్లు అదే రకం, అదే పరిమాణం ఉన్న ఫ్రిజ్‌లతో పోల్చి ఇస్తారు, కాబట్టి సింగిల్ డోర్ 3 స్టార్ కూడా డబుల్ డోర్ 3 స్టార్ కంటే తక్కువ కరెంటు కాల్చవచ్చు. పైగా ఇంధన సామర్థ్య బ్యూరో ఆ ప్రమాణాలను కొన్నేళ్ళకు ఒకసారి కఠినం చేస్తుంది. లేబుల్ మీద ఏ కాలానికి చెల్లుతుందో రాసి ఉంటుంది, గోదాములో మిగిలిన పాత సరుకు మీద పాత 5 స్టార్ ఉంటే దాన్ని కొత్త 5 స్టార్‌తో సమానంగా చూడకండి.

వోల్టేజి విషయంలో, స్టెబిలైజర్ అక్కరలేదని షాపులో చెబితే ఏ వోల్టు నుంచి ఏ వోల్టు దాకా అని అడిగి, ఆ అంకెలు కంపెనీ పత్రంలో చూపించమనండి. మీ ఇంట్లో మే నెల సాయంత్రం ఏడు గంటలకు ఎన్ని వోల్టులు వస్తున్నాయో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. ఆ పరిధి కంటే తగ్గుతుంటే స్టెబిలైజర్ పెట్టుకోండి. ఎర్తింగ్ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్ తప్పనిసరి.

మన పల్నాడు వేడికి సంబంధించి ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఫ్రిజ్ లోపల, చాలా మోడళ్ళలో కూరగాయల డబ్బా పక్క గోడ మీద, ఒక చిన్న ప్లేటు అంటించి ఉంటుంది. దాని మీద వాతావరణ తరగతి అక్షరాల్లో ఉంటుంది. ఎన్ అంటే పరిసరాల ఉష్ణోగ్రత 32 డిగ్రీల దాకా, ఎస్‌టీ అంటే 38 దాకా, టీ అంటే 43 దాకా పనిచేసేలా తయారుచేశారని అర్థం. రెంటచింతల ఎండలు 45 దాటే జిల్లాలో టీ అన్న అక్షరం లేనిది కొనకండి. అది ఉన్నా సరే, పొయ్యి పక్కన గానీ, పడమటి ఎండ తగిలే గోడకు ఆనించి గానీ పెట్టకుండా, కంపెనీ చెప్పినంత ఖాళీని వెనుకా పక్కలా వదలండి.

ఇన్సులిన్ విషయం అన్నిటికంటే ముఖ్యం. వాడకం మొదలుపెట్టనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఒక్కసారి గడ్డకట్టినా అది పనికిరాదు. సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ కిందనే ఉండే ట్రేలో, ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లగాలి వచ్చే రంధ్రాల ఎదురుగా గడ్డకట్టే ప్రమాదం ఉంది. తలుపులో పెడితే తీసి మూసినప్పుడల్లా వేడి తగులుతుంది. రెండు రకాల్లోనూ మధ్య అరలో, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచడం మంచిది. ఒక గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ వేసి రాత్రంతా ఆ అరలోనే ఉంచి ఉదయం చూస్తే మీ ఫ్రిజ్ నిజంగా ఎంత చల్లగా ఉందో తెలుస్తుంది. జ్వరం చూసేది దీనికి పనికిరాదు, ఫ్రిజ్ థర్మామీటరే కావాలి.

ఇన్ని చెప్పాక నా అభిప్రాయం అడిగితే, ఫ్రీజర్ వాడని మీ ఇంటికి 220 లీటర్ల చుట్టుపక్కల ఉన్న పెద్ద సింగిల్ డోర్, ఇన్వర్టర్ కంప్రెసర్‌తో, చాలు. కంప్రెసర్‌కు పదేళ్ళ వారంటీ అంటే కంప్రెసర్ ఒక్కదానికే. గ్యాస్, కూలి, సర్క్యూట్ బోర్డు అందులో ఉన్నాయో లేవో కాగితం మీద చూసుకోండి. ఐసు కరిగించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదంటే మాత్రం ఖమ్మం సోదరి గారు చెప్పిన కన్వర్టబుల్ తీసుకోండి, అందులో తప్పేమీ లేదు.

సందేహం అడిగినవారి జవాబు (పన్నెండు రోజుల తరువాత)

ఏడాదికి 136 యూనిట్లని రాసి ఉన్న, టీ తరగతి సింగిల్ డోర్ తీసుకున్నాము. ప్రతి నెలా మొదటి ఆదివారం ఐసు కరిగించే పని, నీళ్ళు తుడిచే పని నావేనని ఒప్పుకున్న తరువాతే ఇంట్లో అనుమతి దొరికింది. నా భార్య దోసె పిండి గిన్నెను సంచిలో పెట్టుకుని షాపుకు తెచ్చింది. సేల్స్ కుర్రవాడు నవ్వినా పట్టించుకోకుండా నాలుగు ఫ్రిజ్‌లలో పెట్టి చూసింది. రెండింటిలో మూత పైఅరకు తగిలింది, ఒకదానిలో అర గాజు ముందుకు జరగలేదు, నాలుగోదానిలో చక్కగా పట్టింది, అదే కొన్నాము. ఒకే ఒక్క సందేహం మిగిలింది. రెండు పక్కల గోడలూ చేయి పెడితే బాగా వేడిగా ఉన్నాయి. ఏమైనా లోపమా?

సమాధానం (గుంటూరు సభ్యుడు)

లోపం కాదు. పాత ఫ్రిజ్‌కు వెనుక కనిపించే నల్లటి జాలీ గొట్టాలు ఇప్పుడు చాలా మోడళ్ళలో పక్క గోడల లోపల ఉంటాయి, లోపలి వేడి అక్కడి నుంచే బయటికి పోతుంది. ఎండాకాలంలోనూ, కొత్తగా సామాను నింపిన రోజునా ఇంకా ఎక్కువ వేడిగా అనిపిస్తుంది. ఆ గోడలకు ఆనించి బియ్యం డబ్బాలు పేర్చకండి, మీద గుడ్డ కప్పకండి. లోపల సరిగా చల్లబడుతున్నంతవరకు మెకానిక్‌ను పిలవనవసరం లేదు.