సమస్యాపూరణం: ఉప్పు పోసి చేయ నొప్పె తీపి

నిర్వాహకుడు, హనుమకొండ:
దసరా సెలవులు. పిల్లలందరూ వంటింట్లోనే ఉన్నారు కాబట్టి సమస్య కూడా అక్కడి నుంచే.

*ఉప్పు పోసి చేయ నొప్పె తీపి*

ఆటవెలది, చివరి పాదం. పై మూడు పాదాలు మీరు రాసి, ఉప్పుతో తీపి ఎలా కుదిరిందో చెప్పాలి. పిల్లలతో కలిసి ఇంట్లో కాల్చుకునే కేకో, రొట్టో, అప్పమో విషయం కావాలి. మూడో పాదం చివర ద్రుతం (నకారం) వస్తే "నుప్పు" అని మొదలుపెట్టుకోవచ్చు.

కాజీపేట అమ్మమ్మ:
ఓవనేది లేక యున్న కుక్కరు లోన
మైద జల్లెడందు మనుమ డాడ
సన్న సెగను మూత చక్కగా బిగియించి
యుప్పు పోసి చేయ నొప్పె తీపి

మా ఇంట్ల గిట్లనే చేస్తం. అడుగుకు దొడ్డుప్పు పోసి, మీద స్టాండు పెట్టి, దానిమీద కేకు గిన్నె. ఉప్పు కేకుకు తగలనే తగలదు.

నిర్వాహకుడు:
అమ్మా, విరుపు అసలైన చోట పట్టారు. ఉప్పు తినడానికి కాదు, వేడిని పట్టి ఉంచడానికి. గిన్నెకు మంట నేరుగా తగలకుండా సెగ అంతటా సమానంగా అందుతుంది. రెండో పాదం చూస్తే మనుమడి ముక్కు మీద మైదా కూడా కనబడుతోంది. మూడో పాదంతోనే చిక్కు. మూత బిగించాక ఉప్పు పోసినట్టు అర్థం వస్తోంది. పైగా "బిగియించి" అనగానే గుండె గుభేలుమంది! నీళ్ళు లేని కుక్కరు కదా. గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, మూత ఊరికే ఆనించాలి.

జనగామ మాస్టారు:
యతులు (పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరాల్సిన అక్షరాలు) సరిపోయాయి. ఓ–ఉ, మై–మ, స–చ మూడూ చెల్లుతాయి. "ఓవను" పద్యంలోకి రావచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతున్నా, రావచ్చు. జాను తెనుగును, అంటే వాడుక తెలుగును, మెచ్చిన కవి పాల్కురికి సోమన ఊరు పాలకుర్తి మాకు పక్కనే.

కాజీపేట అమ్మమ్మ:
తీసుడైతే తీస్తనే బాబూ, పద్యంల చెప్పలే. మార్చిన, చూడు:
మూత వదులు జేసి ముందుగా నడుగున
నుప్పు పోసి చేయ నొప్పె తీపి

నిర్వాహకుడు:
ఇప్పుడు వరుసా కుదిరింది, కుక్కరూ క్షేమం.

హుజూరాబాద్ కోడలు:
చిటికెడైన చాలు చిన్నారి చేతితో
చక్కెరకును దోడు చవిని బెంచ
బెల్ల మరటి పండు పిండిలో గలుపుచు
నుప్పు పోసి చేయ నొప్పె తీపి

తీపి వంటలో చిటికెడు ఉప్పు పడితే తీపి ఇంకా తెలుస్తుంది కదండీ. మా పాప వేళ్ళతో పట్టే చిటికెడు మరీ చిన్నది, రెండుసార్లు వేయిస్తాను.

జనగామ మాస్టారు:
నడక హాయిగా ఉందమ్మా. కానీ చిటికెడు ఉప్పు వేస్తాం, చల్లుతాం, పోయం. సమస్యలో "పోసి" ఉంది, దాన్ని తప్పించుకుపోతే పూరణ సగమే. ఇంకొకటి, బెల్లం వేశాక చక్కెర ఎందుకు?

హుజూరాబాద్ కోడలు:
చక్కెర యతి కోసం వేసిన మాస్టారూ, కేకులో వెయ్యలే :)

పరకాల నాన్న:
చక్కెరనుచు నెంచి చంటివా డొక గిన్నె
కేకు లోన వేసి నవ్వె గాని
నాన్న నోటబెట్టి నవ్వుచు నన్నాడు
ఉప్పు పోసి చేయ నొప్పె తీపి

నిర్వాహకుడు:
చక్కెర అనుకుని ఉప్పు వేయడం అందరికీ ముందు తట్టే దారే. అయినా ఆఖరి పాదాన్ని నాన్న నోట పెట్టడంతో గట్టెక్కారు. గిన్నెడు ఉప్పు కాబట్టి "పోసి" కూడా నిలిచింది. రెండో పాదంలో యతి తప్పింది, కే–న కుదరదు. నవ్వు కూడా రెండుసార్లు వచ్చింది. "కేకు లోన వేసి కేరుచుండ" అంటే రెండూ తీరిపోతాయి.

పరకాల నాన్న:
"కేరుచుండ" మస్తుగుంది, తీసుకున్న. వాడు కేరుతనే ఉన్నడు, పిండి గరిటె నాకుతనంటడు.

కాజీపేట అమ్మమ్మ:
పచ్చి పిండి నాకనియ్యకు బిడ్డా, అండ్ల గుడ్డు కలిపినా కలపకున్నా. కడుపు చెడ్తది. కాలినంక మొదటి ముక్క వానికే పెట్టు. కుక్కరు అడుగుకు పోసిన గా ఉప్పు మల్ల కూరల ఎయ్యొద్దు, చల్లారినంక డబ్బల పోసి ఇంకో కేకుకు దాచుకో.

కరీంనగర్ తాత:
కేకులు మాకు రావు. మా దిక్కు గిన్నప్ప, మీరు సర్వపిండి అంటరు. అదీ గిన్నెల కాల్చేదే గద, మూత పెట్టి, సన్న సెగ మీద.

సర్వపిండి యెట్లు చవిగొల్పె నీనాడు?
వేలు గుచ్చి గుంత వేయు పాప
వంటయింటి లోన వాగెడు పలుకెట్లు?
ఉప్పు పోసి చేయ నొప్పె, తీపి

నిర్వాహకుడు:
ఈ వారం ఇదే మేలు పూరణ. పాదాన్ని రెండుగా విరిచి, ఒక్కో ముక్కను ఒక్కో ప్రశ్నకు జవాబు చేశారు. సర్వపిండి ఎలా కుదిరింది? ఉప్పు పోసి చేయగా ఒప్పింది. పాప పలుకు? తీపి. "ఒప్పె" దగ్గర ఆగి చదివితే విరోధం దానంతటదే పోతుంది. గుంతల సంగతి తెలియని వారికి: బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శెనగపప్పు కలిపి గిన్నె లోపల పలచగా ఒత్తి, నూనె దిగడానికి వేలితో గుంతలు పెడతారు. పొయ్యి వెలిగించక ముందు పని కాబట్టి పిల్లల చేతికి ఇవ్వొచ్చు.

జనగామ మాస్టారు:
"వాగెడు" కాస్త మోటు కాదా?

కరీంనగర్ తాత:
మా మనుమరాలిని ఒక్క పూట ఇంట్ల పెట్టుకో మాస్టరూ, తర్వాత చెప్పు.

నిర్వాహకుడు:
"వాగెడు" ఉంటుంది. వచ్చే వారానికి తేటగీతి:

*పొయ్యి వెలిగింప కుండనే పొంగె పాలు*

పెరుగులో వంటసోడా వేస్తే నురగ పొంగడాన్ని దీనికి ముడిపెట్టాలని అప్పుడే కొందరు చూస్తున్నారని తెలుసు. పెరుగు పాలు కాదు, ఇంకో దారి వెతకండి.