కొత్త పోర్టులు ముందా, ఉన్న పోర్టులకు దారులు ముందా?

తీరరేఖ (చర్చ ప్రారంభం)

ఆంధ్రప్రదేశ్ తీరంలో ఇప్పుడు మూడు కొత్త పోర్టుల పని నడుస్తోంది. రామాయపట్నానికి 2022 జులైలో, శ్రీకాకుళం జిల్లా మూలపేటకు 2023 ఏప్రిల్‌లో, మచిలీపట్నానికి 2023 మేలో శంకుస్థాపన చేశారు. మచిలీపట్నంలో అంతకుముందు 2008లోనూ, 2019లోనూ శిలాఫలకాలు వేశారన్నది చాలామందికి గుర్తుండే ఉంటుంది. విశాఖపట్నం, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం పోర్టులు ఇప్పటికే పనిచేస్తున్నాయి. అయినా సరుకును ఫ్యాక్టరీ గేటు నుంచి ఓడ దాకా చేర్చే ఖర్చు తగ్గలేదని ఎగుమతిదారులు అంటూనే ఉన్నారు. ఆ ఖర్చు తగ్గాలంటే ప్రభుత్వం తన డబ్బును ముందుగా కొత్త బెర్తుల (ఓడలు ఆగి సరుకు ఎక్కించి దించే చోట్ల) మీద పెట్టాలా, లేక ఉన్న పోర్టులకు వెళ్లే రైలు మార్గాలు, రోడ్ల మీద పెట్టాలా? కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను. పార్టీల ప్రస్తావన లేకుండా మాట్లాడుకుందాం.

సరుకు_దారి

నేను నెల్లూరు జిల్లాలో కస్టమ్స్ క్లియరింగ్ పనిలో ఉన్నాను. దారులే ముందు అన్నది నా స్థిరమైన అభిప్రాయం. ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలు మార్గం ఏం చేసిందో దగ్గర నుంచి చూసినవాళ్లెవరూ నాతో విభేదించరని అనుకుంటున్నాను.

కృష్ణపట్నం పోర్టు 2008లో ప్రారంభమైంది. రాయలసీమకు వెళ్లే బొగ్గు అయినా, అక్కడి నుంచి రావలసిన ముగ్గురాయి అయినా చాలా ఏళ్ల పాటు గూడూరు, రేణిగుంట మీదుగా చుట్టు తిరిగే ప్రయాణించాయి. మంగంపేట ముగ్గురాయి గనులు ఓబులవారిపల్లె పక్కనే ఉన్నాయి. పోర్టుకూ వాటికీ నడుమ అడ్డంగా ఉన్నవి వెలిగొండలు మాత్రమే. ఆ కొండల కింద చెర్లోపల్లి, రాపూరు మధ్య ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి, 112 కిలోమీటర్ల మార్గాన్ని 2019లో పూర్తి చేశారు. పోర్టు నుంచి లోపలి ప్రాంతాలకు గూడ్సు రైలు వెళ్లడానికి పది గంటలు పట్టేది ఐదు గంటలకు తగ్గుతుందని అప్పుడు అధికారులు ప్రకటించారు. ఇందుకోసం పోర్టులో కొత్తగా ఒక్క బెర్తు కూడా కట్టనక్కరలేకపోయింది. ప్రయాణ సమయం సగమైతే అదే ఇంజనూ, అవే వ్యాగన్లూ అదే వారంలో ఎక్కువ ట్రిప్పులు తిరుగుతాయి. ఖర్చు తగ్గేది అక్కడే.

దేశం మొత్తం మీద సరుకు రవాణా, నిల్వ ఖర్చులు జీడీపీలో 13, 14 శాతం ఉంటాయని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 2023–24కు కేంద్రం విడుదల చేసిన అంచనా 7.97 శాతం మాత్రమే. ఈ సగటు చూసి సంతోషించవచ్చు గాని, కడప జిల్లా సిమెంటుకూ భీమవరం రొయ్యకూ అయ్యే ఖర్చు ఆ సగటులో కనబడదు. ఏ సరుకు, ఏ ఊరి నుంచి, ఏ పోర్టుకు అని విడదీసి చూసుకుంటేనే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

బందరు_కోస్తా

సరుకు_దారి గారూ, మీరు చెప్పిన ఉదాహరణ నా వాదనకే బలం. కృష్ణపట్నంలో పోర్టు ఉంది కాబట్టే ఆ సొరంగం తవ్వారు. పోర్టు లేనిచోట వెలిగొండల కింద అంత డబ్బు పోసేవారెవరు? మాకు ముందు రైలు, తర్వాత పోర్టు అంటే ఆ రైలు ఎప్పటికీ రాదు, ఎందుకంటే రైల్వే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న సరుకు ఎంత ఉంది అనే.

హైదరాబాద్ సంగతి చూడండి. సనత్‌నగర్ ఐసీడీలో (తీరానికి దూరంగా ఉండే కంటైనర్ డిపోలో) కస్టమ్స్ ముద్ర పడిన కంటైనర్లలో పెద్ద భాగం రైలెక్కి దక్కన్ దాటి ముంబయి పక్కనున్న నవా షెవాకు వెళుతుంది. ఆ దూరం ఏడువందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి మచిలీపట్నానికి మూడువందల యాభై కూడా లేదు, పైగా 65వ నంబరు జాతీయ రహదారి పుణె దగ్గర మొదలై హైదరాబాద్, విజయవాడల మీదుగా సరిగ్గా మా ఊళ్లోనే ముగుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం కూడా తన డ్రై పోర్టును (సముద్రం లేని చోట కట్టే సరుకు కేంద్రాన్ని) బందరుతో కలపాలని, అందుకోసం కొత్త రహదారి కావాలని అడుగుతోంది. సముద్రం లేని పొరుగు రాష్ట్రమే సగం దూరంలో పోర్టు కావాలంటుంటే, ఉన్న దూరపు పోర్టులకే దారులు వెడల్పు చేసుకోమనడం న్యాయమా? 1611లోనే ఇంగ్లీషు వర్తకులు కొఠీ పెట్టుకున్న ఊరు మాది. 1864 ఉప్పెనలో వేలమంది ప్రాణాలు పోయి, వర్తకం చెదిరిపోయింది. మళ్లీ ఒక అవకాశం వచ్చింది. దాన్ని ‘తర్వాత చూద్దాం’ అన్న జాబితాలో పడేయవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఉప్పుటేరు

నేను భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఎగుమతుల విభాగం చూస్తాను. ఇద్దరూ దూరం గురించే మాట్లాడుతున్నారు. మా బిల్లులో దూరం ఒక పద్దు మాత్రమే, అదీ పెద్దది కాదు.

అమెరికా వెళ్లే ఒక రీఫర్ కంటైనర్ (సరుకును గడ్డకట్టిన స్థితిలో ఉంచే చల్లటి పెట్టె) విషయం చెబుతాను. సరుకు మైనస్ 18 డిగ్రీలకు పైకి పోకూడదు. ముందుగా ఖాళీ రీఫర్ మా గేటుకు రావాలి. మన తీరానికి చల్లటి పెట్టెల్లో వచ్చే దిగుమతులు చాలా తక్కువ కాబట్టి ఖాళీ పెట్టె దగ్గరలో దొరకదు. చాలాసార్లు చెన్నై వైపు నుంచి దాన్ని వట్టిగా ఈడ్చుకురావాలి, ఆ కిరాయి ఏదో ఒక రూపంలో మా నెత్తినే పడుతుంది. పెట్టె వచ్చాక లోపల అట్టపెట్టెలు పేర్చి, సీలు వేసి, ట్రెయిలర్‌కు జెన్‌సెట్ (కరెంటు ఇచ్చే డీజిల్ జనరేటర్) తగిలించి రాత్రికి బయలుదేరదీస్తాం. విశాఖ ఊళ్లోకి దిగాక టెర్మినల్ గేటు దాకా వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి మా బండి గేటు ముందు వరుసలో ఉండగానే కటాఫ్ (ఆ ఓడకు పెట్టెలు తీసుకునే గడువు) దాటిపోయింది. ఓడ కంపెనీ ఏజెంటు మరో గంట కూడా ఆగనన్నాడు. తర్వాతి ఓడ వారానికి గాని లేదు. ఆ వారమంతా ప్లగ్ ఛార్జీ (పెట్టెకు ఇచ్చే కరెంటు ఖర్చు), ట్రెయిలర్ నిలిపినందుకు హాల్టింగ్ కిరాయి, డీజిల్, కొనుగోలుదారుకు సంజాయిషీ. ఆ ఒక్క వారంలో మాకు పోయిన సొమ్ముతో అదే పెట్టెను రోడ్డు మీద చెన్నైకి పంపి ఉండవచ్చు.

కాబట్టి నేను అడిగేది కొత్త పోర్టా, పాత పోర్టా అని కాదు. బయలుదేరిన బండి ఫలానా గంటకు గేటు దాటుతుందన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం ఉంటే నేను కటాఫ్‌కు ఒకరోజు ముందు బయలుదేరతాను. లేదు కాబట్టి మూడు రోజుల ముందు బయలుదేరుతున్నాను. ఆ అదనపు రోజుల ఖర్చు ఏ నివేదికలోనూ రాదు, కానీ చెరువు గట్టు మీద రైతుకు ఇచ్చే ధరలోంచే పోతుంది.

సరుకు_దారి

ఉప్పుటేరు గారు రాసింది ఈ చర్చకు ప్రాణం. దాన్ని బట్టే బందరు_కోస్తా గారికి జవాబు చెబుతాను.

కంటైనర్ ఓడ ఆర్టీసీ బస్సు లాంటిది. నిర్ణీత వేళకు వస్తుంది, జనం లేని స్టేజీలో ఆగడం మానేస్తుంది. వారం వారం ఓడ రావాలంటే వారం వారం దానికి చాలినన్ని పెట్టెలుండాలి. ఒక కంటైనర్ రైలుకు 45 వ్యాగన్లు, అంటే ఇరవై అడుగుల పెట్టెలు 90. ఆ తొంభై నిండకపోతే రైలు కదలదు, లేదా ఖాళీ వ్యాగన్ల కిరాయిని నిండిన పెట్టెల మీద వేస్తారు. మన తీరంలో ఉన్న పెట్టెలను ఏడు పోర్టులకు పంచితే ఏ పోర్టుకూ నిండు రైలు ఉండదు, తిన్నగా ఐరోపాకో అమెరికాకో వెళ్లే పెద్ద ఓడ రాదు. చిన్న ఓడలో కొలంబోకో సింగపూర్‌కో చేర్చి అక్కడ మళ్లీ మార్చుకోవాలి. దగ్గరి పోర్టు వల్ల రోడ్డు మీద మిగిలింది సముద్రం మీద పోతుంది.

దీనికి కృష్ణపట్నమే సాక్ష్యం. లోతు ఉంది, జాతీయ రహదారి ఉంది, సొరంగంతో సహా రైలు ఉంది. అయినా 2024 మొదట్లో అక్కడ కంటైనర్ సేవలు కుంచించుకుపోవడం మీద రాష్ట్రమంతా చర్చ జరిగింది. బొగ్గు వంటి సరుకులకు బలమైన పోర్టుగా నిలబడింది గాని, పెట్టెల విషయంలో పక్కనున్న చెన్నై, ఎన్నూరు, కాటుపల్లి ఆకర్షణను తట్టుకోలేకపోయింది. అన్నీ ఉన్న పోర్టుకే ఇలా అయితే, మొదటి రోజు నుంచే బందరుకు కంటైనర్లు వస్తాయని ఆశపెట్టుకోవడం కష్టం.

బందరు_కోస్తా

కంటైనర్ల లెక్క ఒప్పుకుంటాను. కానీ పోర్టంటే కంటైనర్లేనా? బొగ్గు, ఎరువులు, వంటనూనె, సిమెంటు, క్లింకర్ వంటివి వారపు ఓడ కోసం ఎదురుచూడవు. సరుకు ఉన్నవాడు ఓడను మొత్తంగా మాట్లాడుకుంటాడు, నింపుతాడు, పంపుతాడు. హుజూర్‌నగర్, మిర్యాలగూడ చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలకూ, కృష్ణా డెల్టాకూ తెలంగాణకూ కావలసిన ఎరువులకూ బందరే దగ్గర. కాకినాడనే చూడండి. అక్కడి యాంకరేజి పోర్టులో బియ్యం బస్తాలను బార్జీల్లో తీసుకెళ్లి, సముద్రంలో లంగరేసిన ఓడల్లోకి ఎక్కిస్తారు. అయినా దేశంలో బియ్యం ఎగుమతికి పేరున్న రేవుల్లో అదొకటి, ఎందుకంటే గోదావరి జిల్లాల మిల్లులు పక్కనే ఉన్నాయి. ఇలాంటి సరుకుకు దగ్గరితనమే ఖర్చు తగ్గిస్తుంది.

గూడ్స్_గార్డు

రైల్వేలో గూడ్సు బండ్ల గార్డుగా పనిచేసి విరమించాను. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ పట్టాల మీద జరిగేది ఎవరూ రాయలేదు.

విశాఖ వృద్ధిని చెప్పేవాళ్లు 1933లో హార్బరు ప్రారంభం గురించి చెబుతారు గాని, కొత్తవలస–కిరండోల్ లైను సంగతి మరచిపోతారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లలో అనంతగిరి కొండలు తొలిచి ఆ లైను వేశారు. పెద్ద ఖనిజపు ఓడల కోసం 1976లో ఔటర్ హార్బరు వచ్చింది. గని, పట్టాలు, బెర్తు మూడూ ఒకే లెక్కలో భాగంగా కట్టారు. అందుకే అది నిలిచింది. ముందు ఏది, తర్వాత ఏది అన్న ప్రశ్నే అప్పుడు రాలేదు.

ఇప్పుడు విజయవాడ, గూడూరు మధ్య గూడ్సు బండి పరిస్థితి చెబుతాను. నిండు బొగ్గు రేక్‌తో (ఒక బండికి తగిలించిన వ్యాగన్ల వరుసతో) బయలుదేరతాం. వెనక సూపర్‌ఫాస్ట్ వస్తోందని పక్కనున్న లూప్ లైనులోకి తోస్తారు. అది పోయాక ఇంకో ఎక్స్‌ప్రెస్, ఆ వెనక మెమూ. బ్రేక్ వ్యాన్‌లో దీపం పట్టుకుని, సిగ్నల్ ఎప్పుడు మారుతుందా అని చూస్తూ కూర్చోవడమే సగం డ్యూటీ. బండి పరుగెత్తగలదు, దారి ఇచ్చేవారే ఉండరు. అందుకే ఆ సెక్షన్‌లో వేస్తున్న మూడో లైను ఏ కొత్త బెర్తు కన్నా ముఖ్యమని నేనంటాను. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడ దాకా 1,115 కిలోమీటర్ల ఈస్ట్ కోస్ట్ ప్రత్యేక సరుకు మార్గం ఇంకా కాగితం మీదే ఉంది. అది వస్తే విశాఖ, గంగవరం, కాకినాడ మూడింటికీ ఒకేసారి మేలు.

సరుకు_దారి

బందరు_కోస్తా గారూ, పెద్దమొత్తపు సరుకు విషయంలో మీ మాట కాదనను. అయితే ఒక లెక్క వేయండి. యాభై వేల టన్నుల బొగ్గుతో ఓడ వచ్చిందనుకుందాం. రైలైతే పదమూడు, పద్నాలుగు రేకులు. లారీలైతే, బండికి పాతిక టన్నుల చొప్పున, రెండు వేల ట్రిప్పులు, అదీ ఒక్క ఓడకు. పక్కా రైలు లేకుండా బెర్తు ప్రారంభమైతే ఆ లారీలన్నీ బందరు రోడ్ల మీదే తిరుగుతాయి. టన్నుకు అయ్యే కిరాయి చూసి బొగ్గు కొనేవాడు మళ్లీ కృష్ణపట్నానికే వెళతాడు. కాబట్టి మొదటి ఓడ వచ్చే రోజుకు పోర్టు లోపలికి పట్టాలు పడి ఉండాలన్నది షరతుగా పెట్టండి. ఆ షరతుకు ఒప్పుకుంటే మీ పోర్టుకు నేను అడ్డు చెప్పను. ఒప్పుకోకపోతే ఆ డబ్బు విశాఖ పోర్టు రోడ్డుకూ గూడూరు మూడో లైనుకూ వెళ్లాలనే అంటాను.

బందరు_కోస్తా

ఒప్పుకుంటున్నాను. ఆ షరతును మేమే ముందు అడగాలి. గుడివాడ–మచిలీపట్నం లైను డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తయ్యాయి. మిగిలింది ఊరి స్టేషన్ నుంచి పోర్టు దాకా ఉన్న ముక్కే.

గూడ్స్_గార్డు

ఆ ముక్క ఒక్కటే కాదండీ. చెన్నై, విశాఖ, గుంటూరు, కాజీపేట, బందరు లైన్లన్నీ విజయవాడ జంక్షన్‌లోనే కలుస్తాయి. బందరులో నింపిన రేక్ హైదరాబాద్ వైపు వెళ్లాలంటే ఆ రద్దీలోంచి దాటి కొండపల్లి వైపు తిరగాలి. పోర్టు సైడింగ్ ఎంత బాగా కట్టినా, బండి విజయవాడ బయట సిగ్నల్ కోసం గంటలు నిలబడితే నవా షెవా వెళ్లే రైలుతో పోటీ పడలేదు. పోర్టు పనులు చూసే మారిటైమ్ బోర్డూ, రైల్వే కలిసి విజయవాడను తప్పించే గూడ్సు మార్గానికి సర్వే, ఖర్చు, గడువు ప్రకటించాలని ఈ వేదిక తరఫున లేఖ రాద్దాం. ముసాయిదా నేను రాస్తాను. ఉప్పుటేరు గారూ, మీ గేటు దగ్గర ఆలస్యాల వివరాలు తేదీలతో పంపితే అవి కూడా జత చేస్తాను.