షిమబారా తిరుగుబాటు రాకపోయుంటే జపాన్ మనీలాని పట్టుకునేదా?

పాతఓడలు:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న డౌటు ఇది, జపాన్ చరిత్ర బాగా చదివినవాళ్ళు ఇక్కడున్నారు కదా అని అడుగుతున్నా. 1630ల్లో జపాన్ తలుపులేసుకుందని అందరికీ తెలిసిందే. 1635లో జపాన్ వాడెవడూ దేశం దాటకూడదు, దాటినవాడు తిరిగొస్తే మరణశిక్ష అని షోగన్ (అప్పట్లో జపాన్‌ని నిజంగా ఏలే సేనాధిపతి) ఇఎమిత్సు ఆర్డరేశాడు, 1639లో పోర్చుగీసువాళ్ళని పూర్తిగా వెళ్ళగొట్టారు. కానీ ఈ రెండిటి మధ్యలో, 1637లో, నాగసాకి అధికారులు డచ్చివాళ్ళని పిలిచి, మేం స్పెయిన్ చేతిలో ఉన్న మనీలా మీదకి సైన్యం పంపుతాం మీరు ఓడలు పట్టుకుని తోడు రండి అని అడిగారు, పదివేలమంది దాకా పంపే ప్లాను. డచ్చివాళ్ళు ఇష్టం ఉన్నా లేకపోయినా సరే అన్నారు. ఇంతలో ఆ ఏడాది చివర్లో నాగసాకి పక్కనున్న షిమబారాలో రైతుల తిరుగుబాటు లేచింది, ఇక ఆ ప్లాను ఊసే లేదు.

నేను దీనిమీద ఒక ఆల్టర్నేట్ హిస్టరీ కథ రాద్దామనుకుంటున్నా. తిరుగుబాటు రాలేదు, 1638లో ఓడలు బయల్దేరాయి. మనీలా పడుతుందా? పడితే ఆ తర్వాత తూర్పు సముద్రం మొత్తం మీద యూరప్ వాళ్ళ కథ ఎలా మారుతుంది? ఊరికే ఊహలు కాకుండా కొంచెం లెక్కలతో చెప్పండి ప్లీజ్.

సముద్రగాలి:
నా లెక్కలో అయితే కచ్చితంగా పడేది అన్నా. జపాన్ వాళ్ళకి సముద్రం తెలీదు అనే మాట నేనొప్పుకోను, 1604 నుంచి 1635 దాకా షోగన్ ఎర్ర ముద్ర ఉన్న పర్మిట్లతో 350 దాకా ఓడ ప్రయాణాలు జరిగాయి, వియత్నాంలో హోయ్ ఆన్, సియాంలో (ఇప్పటి థాయ్‌లాండ్) అయుత్థయ, మనీలా, ఇలా ఎక్కడ చూసినా జపాన్ వాళ్ళ పేటలే. యమద నగమస అయితే అయుత్థయ రాజు దగ్గర పెద్ద పదవిదాకా ఎదిగాడు. డచ్చివాళ్ళు 1621లో బందా దీవుల్లో చేసిన మారణహోమానికి కూలికి పెట్టుకున్నది కూడా జపాన్ కత్తివీరుల్నే, అది మంచి పనని కాదు, వాళ్ళ యుద్ధం ఎలాంటిదో యూరప్ వాళ్ళకే బాగా తెలుసని చెప్తున్నా.

ఇంకొకటి, 1628లో తైవాన్‌లో జరిగింది నాకు చాలా ఇష్టమైన సంఘటన. హమద యహేయ్ అనే కెప్టెన్ ఓడని డచ్ గవర్నర్ పీటర్ నౌట్స్ ఆపేసి, ఆయుధాలు లాక్కుని, వెళ్ళనివ్వకుండా సతాయించాడు. యహేయ్ ఏం చేశాడంటే, మాట్లాడ్డానికని తన మనుషులతో నేరుగా గవర్నర్ ఇంట్లోకే పోయి, అక్కడే పట్టుకుని కట్టేసి, చుట్టూ డచ్ సైనికులు తుపాకులు పట్టుకుని నిలబడుండగానే బేరమాడి బయటపడ్డాడు. తర్వాత జపాన్ డచ్ వ్యాపారం మొత్తం ఆపేసింది, చివరికి 1632లో డచ్ ఈస్టిండియా కంపెనీ తన గవర్నర్నే తీసుకొచ్చి జపాన్ చేతిలో పెట్టింది, 1636 దాకా బందీగా ఉన్నాడు. ఆ కాలంలో యూరప్ కంపెనీ మెడ అలా వంచిన ఆసియా ప్రభుత్వం ఇంకోటుంటే చెప్పండి.

పైగా 1637లో మనీలా గవర్నర్ కోర్కుయేరా మిందనావో సుల్తాన్ మీద యుద్ధంలో ఉన్నాడు. 1639లో చైనావాళ్ళ తిరుగుబాటు వచ్చి ఊరు ఊరంతా వణికింది. అదే టైమ్‌లో పదివేలమంది దిగితే ఎవరాపుతారు?

హకతతీరం:
నేను ఫుకుఒకాలో ఉంటా, ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. పోయిన నవంబర్లో ఒక్కణ్ణే హరా కోటకి వెళ్ళొచ్చా, షిమబారా తిరుగుబాటు ముగిసింది అక్కడే. కోట అంటే ఏమీ లేదు, కొన్ని చోట్ల రాతి గోడ, మిగతాదంతా గడ్డి, పక్కన కూరగాయల మళ్ళు, కింద సముద్రం. తవ్వకాల్లో దొరికినవి అక్కడి మ్యూజియంలో పెట్టారు, అందులో చిన్న సీసం శిలువలు ఉన్నాయి, బొటనవేలి గోరంతే ఉంటాయి. లోపలున్న జనం తుపాకీ గుళ్ళు కరిగించి శిలువలు పోసుకున్నారు. ఆ అద్దం ముందు నేను చాలాసేపు నిలబడిపోయా.

ఎందుకు చెప్తున్నానంటే మీ ప్రశ్నలోనే అసలు చిక్కుంది. మనీలా మీద దండయాత్ర ఒకటి, షిమబారా తిరుగుబాటు ఇంకోటి, రెండూ వేరే వేరే, ఒకటి తీసేస్తే రెండోది నడుస్తుంది అనుకుంటున్నారు. కాదండి. లుజోన్ (మనీలా ఉన్న దీవి) మీదకి పోదాం అని మొదట షోగన్ చెవిలో ఊదిందే షిమబారా దొర, మత్సుకుర షిగెమస. నలభైవేల కొకుల పైచిలుకు చిన్న జమీ వాడిది, కొకు అంటే ఒక మనిషి ఏడాది తిండికి సరిపడే బియ్యం. అంత చిన్న ఆదాయంతో తన తాహతుకి మించిన కోట కట్టాడు, 1630లో మనీలా రక్షణ ఎలా ఉందో చూసి రమ్మని తన మనుషుల్ని వర్తకుల వేషంలో పంపాడు, అదే ఏడు చచ్చిపోయాడు. కొడుకు కత్సుయిఎ ఇంకా ఘోరం. ఈ ఖర్చులన్నీ ఎవరి నెత్తిన పడ్డాయి? రైతు నెత్తినే. పన్ను కట్టలేనివాళ్ళకి గడ్డితో అల్లిన వానకోటు తొడిగి నిప్పంటించేవాళ్ళని అప్పుడున్న యూరప్ వాళ్ళే రాశారు. కరువు తోడైంది, కిరస్తానీ మతం మీద హింస తోడైంది, జనం లేచారు. అంటే మనీలా కోసం పిండిన పన్నే మనీలా ప్లానుని చంపింది. తిరుగుబాటు లేని 1638 కావాలంటే మత్సుకుర ఆశలే లేని 1630 కావాలి, అప్పుడు దండయాత్ర మాట ఎత్తేవాడే ఉండడు.

ఇంకో లెక్క చూడండి. హరా కోటలో ఉన్నది ఆడవాళ్ళు, పిల్లలతో కలిపి 37,000 మంది అంటారు, ఎక్కువమంది రైతులు, జాలర్లు, కొందరు యజమాని లేని సమురాయ్‌లు. వాళ్ళమీదకి షోగన్ పంపింది లక్షా పాతికవేల సైన్యం. సొంత దేశం, సొంత తీరం, వెనకాల తిండికి లోటు లేదు, అయినా 1638 ఏప్రిల్ దాకా కోట పడలేదు, డచ్ ఓడ తెప్పించి సముద్రం మీంచి ఫిరంగులు కొట్టించినా గోడ లొంగలేదు, చివరికి లోపల తిండీ మందుగుండూ అయిపోతేనే పడింది. ఒక పాత పాడుబడ్డ కోటకే ఇంతయితే మనీలా రాతిగోడల ముందు పదివేలమంది ఎన్ని నెలలు కూర్చుంటారు, ఏం తింటారు?

కత్సుయిఎకి కడుపుకోసుకుని చచ్చే గౌరవం కూడా ఇవ్వలేదు, తల నరికారు. తోకుగవ వంశం షోగన్లుగా ఏలిన కాలం మొత్తంలో అలా తల పోగొట్టుకున్న దొర అతనొక్కడే.

పాతఓడలు:
హకతతీరం గారూ, ఇది నాకసలు తట్టలేదు, చాలా థాంక్స్. ఆ శిలువల గురించి చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అయితే డచ్ నేవీ తోడున్నా లాభం లేదంటారా? సముద్రం మీద స్పెయిన్ని వాళ్ళు చూసుకుంటే దిగడం వరకు అయినా ఈజీయే కదా?

మున్నీరు:
నేను కొన్నాళ్ళు కార్గో ఓడల మీద పనిచేశా, కాబట్టి నీళ్ళ సంగతి నేను చెప్తా. నాగసాకి నుంచి మనీలా 2,200 కిలోమీటర్లు పైమాటే. చలికాలంలో ఉత్తరగాలి పట్టుకుని దిగాలి, మళ్ళీ ఎండాకాలం చివర్లో నైరుతి గాలి పట్టుకుని ఎక్కాలి, అంటే ఏడాదికి ఒక్క రాకపోక. జనవరిలో దిగిన సైన్యానికి బియ్యం అయిపోయింది అని మార్చిలో కబురు పంపితే ఆ బియ్యం వచ్చేది మళ్ళీ చలికాలానికే. దీన్ని కొరియాతో పోల్చి చూడండి, త్సుషిమా నుంచి బుసాన్ 50 కిలోమీటర్లు, 1592లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి లక్షన్నర పైన సైన్యాన్ని దించాడు, నేల మీద గెలుచుకుంటూ పోయారు, కానీ కొరియా అడ్మిరల్ యి సున్-షిన్ సముద్రం మీద సప్లై గొంతు నొక్కేసరికి మొత్తం కథ అడ్డం తిరిగింది. 50 కిలోమీటర్ల దారినే కాచుకోలేనివాళ్ళు 2,200 ఎలా కాస్తారు? 1616లో మురయమ తోఅన్ 13 ఓడలతో తైవాన్ మీదకి పోతే తుపానే చెల్లాచెదురు చేసేసింది, అది మనీలాకి దాదాపు సగం దూరమే.

సముద్రగాలి తమ్ముడు చెప్పిన ఎర్ర ముద్ర ఓడలు మంచి ఓడలే, కానీ సరుకు ఓడలు. యుద్ధం ఓడలు ఎందుకు లేవంటే షోగనే వద్దన్నాడు. 1609లోనే పడమటి దొరల పెద్ద ఓడలన్నీ లాగేసుకున్నారు, 1635లో 500 కొకులు, ఆపైన బియ్యం మోసే ఓడ ఎవడూ కట్టకూడదని చట్టంలోనే రాశారు. తెలివి లేక కాదు, 1613లో సెందాయ్ దొర దతె మసమునె కట్టించిన ఓడ పసిఫిక్ దాటి అకపుల్కో దాకా పోయొచ్చింది. షోగన్ భయం స్పెయిన్ గురించి కాదు, క్యూషు (నాగసాకి ఉన్న దక్షిణపు దీవి) దొర ఎవడన్నా ఓడలు పెట్టుకుని, బయట సంపాదించి, రేపు తన మీదకే తిరిగితే ఏంటని.

ఇక డచ్చివాళ్ళు. వాళ్ళకి కావాల్సింది నాగసాకి వ్యాపారం, పోర్చుగీసువాడు పోవాలి, తను మిగలాలి. జపాన్ మనీలాలో కూర్చుంటే రేపు తైవాన్ అడగదా? నౌట్స్ గోల అయి పదేళ్ళే. అందుకే నా కథలో అయితే డచ్ ఓడలు వస్తాయి, రెండు రోజులు ఫిరంగులు కొడతాయి, గాలి మారింది అని వెళ్ళిపోతాయి.

కానీ యూరప్ వాణ్ణి తరిమేయడం కుదరని పనా అంటే కాదు, అది నిజంగానే జరిగింది. చైనా సేనాని జెంగ్ చెంగ్‌గొంగ్ పుట్టింది జపాన్‌లోనే, 1624లో, హిరాదోలో, తల్లి జపాన్ ఆవిడ. 1661లో 25,000 మందితో తైవాన్‌లో దిగి డచ్ కోటని తొమ్మిది నెలలు చుట్టుముట్టి 1662 ఫిబ్రవరిలో పట్టుకున్నాడు. వెంటనే మనీలాకి లొంగిపో అని ఉత్తరం పంపాడు, మనీలా ఎంత బెదిరిందంటే దూరంగా ఉన్న దళాలన్నీ వెనక్కి పిలిపించుకుంది. ఆ జూన్‌లో జెంగ్ చనిపోయాడు, వయసు 37. వీళ్ళ కుటుంబం చాలాసార్లు జపాన్‌ని సైన్యం సాయం అడిగింది, షోగన్లు పంపలేదు. మీ కథ ఇక్కణ్ణుంచి మొదలెట్టండి. జెంగ్‌కి సొంత నేవీ ఉంది, జలసంధి దాటితే చాలు, వెనక్కి తిరిగే ఊరు లేదు. మత్సుకురకి లేనివన్నీ అతనికున్నాయి.

సముద్రగాలి:
మున్నీరన్నా గాలి లెక్క నేను చూడలేదు, అది ఒప్పుకుంటున్నా. కానీ మనీలాలో దిలావ్ అనే జపాన్ పేట ఉంది కదా, అక్కడ కొన్ని వేలమంది ఉన్నారు, లోపల్నుంచి తలుపు తీసేవాళ్ళు కదా?

హకతతీరం:
దిలావ్ వాళ్ళలో చాలామంది కిరస్తానీలు తమ్ముడూ, షోగన్ తరిమితే వచ్చినవాళ్ళు. తకయమ ఉకోన్ అంతటి దొర 1614లో మతం వదలనని మనీలాకి వచ్చి 1615లో అక్కడే పోయాడు. వాళ్ళు ఆ సైన్యానికి తలుపు తీయరు, గోడెక్కి పోరాడతారు.

పెడనఅద్దకం:
మీరంతా యుద్ధం గురించే మాట్లాడుతున్నారు, నేనొక మాట చెప్పొచ్చా అండి. మాది బందరు పక్కన పెడన, తాతల నాటినుంచి అద్దకం పనే. బందరులో వలందపాలెం అని ఉంది కదా, వలందులంటే డచ్చివాళ్ళే, 1600ల మొదట్లోనే ఇక్కడ కొట్టు పెట్టారు. వాళ్ళు మన తీరం గుడ్డ కొన్నది ఎక్కువగా తూర్పు దీవుల్లో మసాలా దినుసులకి మార్చుకోడానికి, కానీ కొంత జపాన్‌కి కూడా పోయింది. అక్కడ దాన్ని సరస అంటారు, చిన్న ముక్క దొరికినా టీ సామాను చుట్టుకునే సంచిగా కుట్టుకుని తరతరాలు దాచుకున్నారు. నేను ఒక ఫొటోలో చూశా, బొమ్మ అచ్చం మన అచ్చుల్లో ఉండేలాంటి తీగే, ఎరుపు ఇంకా ఎరుపే. ఆ ఎరుపు చిరువేరుది, అది రంగునిచ్చే ఒక మొక్క వేరు. గుడ్డని ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండేస్తాం, లేకపోతే రంగు పాకిపోతుంది, పటికతో అచ్చు వేసి, వేరుతో ఉడికిస్తే అప్పుడు ఎరుపు తేలుతుంది.

అటునుంచి ఇటు ఏమొచ్చిందంటే జపాన్ రాగి, బంగారం. అవి మోసి లాభం తిన్నది వలందులే. అయుత్థయలో అయితే గోల్కొండ వర్తకులు, జపాన్ వాళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నారు, మనవాళ్ళు బందరు నుంచి తెనాసరిం (ఇప్పటి బర్మా తీరం) దిగి నేలదారిన పోయేవాళ్ళు. 1635 ఆర్డరు లేకుండా ఆ ఎర్ర ముద్ర ఓడలు ఇంకో యాభై ఏళ్ళు తిరిగుంటే మధ్యలో వలందు లేకుండా సరుకు మారేది. మనీలా గోడలు కొట్టడం కన్నా కంపెనీకి అదే పెద్ద దెబ్బ అని నాకనిపిస్తది.

పాతఓడలు:
అక్కా, కథ మార్చేస్తున్నా. దండయాత్ర తీసేశా. 1635 ఆర్డరు లేదు, అంతే, మిగతాది ఎటు పోతే అటు. జెంగ్ చివర్లో వస్తాడు. మొదలు మాత్రం అయుత్థయలో, 1630, యమద చచ్చిపోయి జపాన్ పేట తగలబడిన ఏడాది, ఒక జపాన్ వర్తకుడు మంటల్లోంచి ఒక్క పెట్టె మాత్రం బయటికి లాగుతాడు, అందులో బందరు గుడ్డ. ఆ గుడ్డ నీళ్ళలో పడితే రంగు పోతుందా?

పెడనఅద్దకం:
పోదు. కాలవలో నిలబడి ఉతికి ఉతికి ఆరేసిన గుడ్డది, తడిస్తే ఎరుపు ఇంకా ముదురుగా కనిపిస్తది.