తెర నల్లబడితే దోషి డ్రైవరా, గ్రాఫిక్స్ కార్డా? బాగా నడుస్తున్న డ్రైవర్‌ను అసలు ముట్టుకోవచ్చా?

చంద్రగిరి ఆల్బం:
అందరికీ నమస్కారం. చంద్రగిరిలో మాకు ఫోటో స్టూడియో ఉంది. నాన్న ఫోటోలు తీస్తారు, ఆల్బం డిజైన్ నేను చేస్తాను. తిరుమల, తిరుచానూరులలో జరిగే పెళ్లిళ్లే మా ఇంటికి ఆధారం. పది రోజులుగా డెస్క్‌టాప్ కంప్యూటర్ నన్ను ఏడిపిస్తోంది. షీటు మీద నాలుగు ఫోటోలు అమర్చి, వెనుక భాగం మసక చేయబోతే తెర నల్లబడుతుంది. రెండు మూడు సెకన్లలో తెర తిరిగి వస్తుంది కానీ డిజైన్ సాఫ్ట్‌వేర్ మూతపడి ఉంటుంది. సేవ్ చేయని పని పోయినట్టే. నిన్న ఒక్కరోజే ఐదుసార్లు జరిగింది.

విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ 4101 నంబరుతో ఒక నమోదు కనబడుతోంది. గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డిస్‌ప్లే డ్రైవర్, స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందని దాని సారాంశం. తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు 4 జీబీది, 2018లో కొన్నాం. దానికి విడిగా పవర్ వైరు లేదు. నేను కొత్త డ్రైవర్ వేసి నేటికి పదకొండు రోజులు. పాత డ్రైవర్‌తో రెండేళ్లలో ఒక్కసారి కూడా ఇలా కాలేదు. తిరుపతిలో ఇద్దరిని అడిగాను. ఒకరు డ్రైవర్ తప్పు అన్నారు, ఇంకొకరు కార్డు అయిపోయింది, కొత్తది కొనమన్నారు. వచ్చే వారం మూడు ఆల్బంలు ఇవ్వాలి. కొనడానికి ఇప్పుడు డబ్బు లేదు. ఎవరి మాట నమ్మాలి?

ల్యాబ్ మాస్టారు, తిరుపతి:
అమ్మా, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. రెండేళ్లు బాగా నడిచింది, డ్రైవర్ మార్చిన మర్నాటి నుంచే పడిపోతోంది. కార్డు కొనమన్న మాట పక్కన పెట్టి ముందు పాత డ్రైవర్‌కు వెళ్లండి. మా కళాశాల ల్యాబ్‌లో 30 కంప్యూటర్లు నేనే చూసుకుంటాను. బాగా నడుస్తున్న డ్రైవర్‌ను సెమిస్టర్ మధ్యలో ఎవరినీ ముట్టుకోనివ్వను.

ఇది నా భయం మాత్రమే కాదు. 2010 మార్చిలో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా 196.75 డ్రైవర్‌ను విడుదల చేసిన కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది. అది ఫ్యాన్ వేగాన్ని సరిగా నడపక కార్డులు వేడెక్కాయి. 2016 మార్చిలో వచ్చిన 364.47తో చాలామంది కంప్యూటర్లు పడిపోతే వెంటనే ఇంకొకటి విడుదల చేయాల్సి వచ్చింది. పాత విండోస్ అయిన విస్టా సంగతి సరేసరి. 2007లో మైక్రోసాఫ్ట్ నమోదు చేసిన విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతం ఎన్‌విడియా డ్రైవర్ల ఖాతాలోవేనని మరుసటి ఏడాది కోర్టు పత్రాల ద్వారా బయటపడింది. కొత్తది వచ్చిందని వేసుకోవడం మంచి అలవాటు కాదు.

కట్టమంచి సర్వీసు, చిత్తూరు:
మాస్టారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ తీర్పు తొందరపాటు. ఈ పనిలో నాకు పద్దెనిమిదేళ్లు. డ్రైవర్ పేరు పడింది కదా అని డ్రైవరే దోషి అనుకుని, చివరికి దుమ్ము పట్టిన ఫ్యాన్ దగ్గరకో, నీరసించిన ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) దగ్గరకో చేరిన కేసులు లెక్కలేనన్ని చూశాను.

4101 ఎలా పుడుతుందో చూడండి. విస్టా నుంచి విండోస్‌లో టీడీఆర్ అనే కాపలా ఉంది. కార్డుకు అప్పగించిన పని రెండు సెకన్లలో తెమలకపోతే, కార్డు మధ్యలో దాన్ని వదిలి పక్కకు కూడా రాకపోతే, అది బిగుసుకుపోయిందని విండోస్ అనుకుంటుంది. కార్డును మళ్లీ మొదటి నుంచి లేపుతుంది. తెర నల్లబడేది ఆ సమయంలోనే. అప్పటికి కార్డు మెమరీలో ఉన్న బొమ్మలన్నీ పోతాయి కాబట్టి, వాటిని తిరిగి నింపుకోవడం తెలియని సాఫ్ట్‌వేర్ చచ్చిపోతుంది. నిమిషంలో ఐదుసార్లు దాటి ఇలా జరిగితే నీలి తెర వచ్చి మొత్తం కంప్యూటరే ఆగుతుంది.

అంటే 4101 చెప్పేది ఒక్కటే, రెండు సెకన్లలో జవాబు రాలేదని. ఎందుకు రాలేదో అది చెప్పదు. డ్రైవర్‌లో లోపం కావచ్చు, కార్డు వేడి కావచ్చు, వోల్టేజి కావచ్చు, మెమరీ చాలకపోవచ్చు. విస్టా లెక్కలో కూడా పడిపోయినవాడి పేరే రాశారు, తోసినవాడు వేరే ఉండవచ్చు.

అమ్మా, మీరు చేసేది 12కు 36 అంగుళాల షీట్లేనా? అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన అది 10,800కు 3,600 పిక్సెళ్లు, దాదాపు 3.9 కోట్లు. ఒక్కో పొర సుమారు 117 ఎంబీ. అలాంటి పొరలు ముప్పై పెట్టి మసక చేస్తే 4 జీబీ కార్డు ఊపిరి పీల్చుకోవడం కష్టం. పైగా ఇది మే నెల. మీ స్టూడియోలో ఏసీ ఉందా? సైడ్ ప్యానెల్ చివరిసారి ఎప్పుడు తీశారు?

ల్యాబ్ మాస్టారు, తిరుపతి:
గత మేలోనూ ఎండ ఇంతే కదా అన్నా, అప్పుడెందుకు పడిపోలేదు? ఆల్బం షీటు కొలత కూడా మారలేదు. మారింది డ్రైవర్ ఒక్కటే. ఇంకో మాట. ఫ్యాన్‌ను తిప్పే ఆజ్ఞలలో డ్రైవర్‌కూ చేయి ఉంటుంది. 196.75 విషయంలో వేడికి కారణమే డ్రైవర్. వేడి అనగానే హార్డ్‌వేర్ తప్పు అని గీత గీయడం కుదరదు.

కట్టమంచి సర్వీసు, చిత్తూరు:
196.75 మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ దుమ్ము ఏడాదికేడాది పేరుకుంటుంది. గత మేలో తట్టుకున్న కార్డు ఈ మేలో తట్టుకోవాలని లేదు. కాబట్టి అమ్మా, రెండూ ఒకేసారి మాత్రం చేయకండి. ముందు డ్రైవర్ ఒక్కటే వెనక్కి మార్చి రెండు రోజులు చూడండి. తర్వాతే ప్యానెల్ తీయండి. లేకపోతే ఏది పనిచేసిందో మనకెవరికీ తెలియదు.

రేణిగుంట నెట్‌వర్క్:
పాత డ్రైవర్‌కు వెళ్లమనడం తేలికే. గ్రాఫిక్స్ డ్రైవర్ విండోస్ గుండెలో, అత్యున్నత అధికారంతో నడుస్తుంది. కార్డుల కంపెనీలు ఏడాదిలో చాలాసార్లు భద్రతా ప్రకటనలు ఇస్తాయి. అందులో ఎక్కువ లోపాలు కంప్యూటర్‌లోకి ముందే దూరిన ప్రోగ్రాముకు పూర్తి అధికారం దక్కించేవి. ఫోటో స్టూడియోకు రోజూ ఎన్ని పెన్‌డ్రైవ్‌లు వస్తాయో ఆలోచించండి. వైరస్ దూరడానికి దారి అక్కడ ఉంటే, దానికి తాళంచెవి పాత డ్రైవర్‌లో ఉంటుంది. రెండేళ్ల నాటి డ్రైవర్‌తో పెళ్లివారి ఫోటోలన్నీ ఉన్న కంప్యూటర్‌ను నడపమని నేను చెప్పలేను.

కొత్తదంటే మొన్న వచ్చినదే కానక్కర్లేదు. పాత తరం కార్డులకు భద్రతా సవరణలు మాత్రమే చేర్చిన విడుదలలు ఉంటాయి. 2016లో వచ్చిన పాస్కల్ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లను 2025 అక్టోబరుతో ఆపి, భద్రతా సవరణలను 2028 అక్టోబరు వరకు ఇస్తామని ఎన్‌విడియా ప్రకటించింది. మీ కార్డుకు అలాంటిది ఉందేమో కంపెనీ సైటులో చూడండి.

పలమనేరు త్రీడీ:
విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే (ఆ కాపలా ఆగే సెకన్లు) విలువను 2 నుంచి 10కి పెంచండి, సమస్య పోతుంది. నేను అలాగే చేసుకున్నాను.

కట్టమంచి సర్వీసు, చిత్తూరు:
వద్దు తమ్ముడూ. నువ్వు చేసే త్రీడీ పనిలో ఒక్కో లెక్కకు నిజంగానే ఎక్కువ సమయం పడుతుంది, సబ్‌స్టన్స్ పెయింటర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ వాళ్లే ఆ విలువ పెంచమంటారు. ఈమెది అలా కాదు. రెండేళ్లు రెండు సెకన్లలో అయిన పని ఇప్పుడు ఎందుకు కావడం లేదన్నది ప్రశ్న. గడువు పెంచితే, నిజంగా బిగుసుకున్నప్పుడు రెండు సెకన్లకు బదులు పది సెకన్లు తెర స్తంభించి ఆ తర్వాత పడిపోతుంది.

చంద్రగిరి ఆల్బం:
ఆరు రోజులకు రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. అన్న చెప్పినట్టు ఒక్కొక్కటే చేశాను.

మొదట డ్రైవర్. నెట్ కేబుల్ పీకి, విండోస్ కనీస భాగాలతోనే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డ్రైవర్ల ఆనవాళ్లు తుడిచే డీడీయూ అనే ప్రోగ్రాముతో డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి పాతది వేశాను. కేబుల్ పీకకపోతే మనం వేసేలోపే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్‌ను దింపుతుందని మాస్టారు ఫోనులో చెప్పారు. రోజుకు ఐదుసార్లు పడిపోయేది, ఆ రెండు రోజుల్లో కలిపి రెండుసార్లే పడిపోయింది. రెండూ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలోనే. ఏసీ లేదన్నా, పైన ఫ్యాన్ ఒక్కటే.

మూడో రోజు నాన్న, నేను ప్యానెల్ తీశాం. కార్డు ఫ్యాన్ వెనుక రేకుల మధ్య దుమ్ము దూదిలా గట్టిపడి ఉంది. శుభ్రం చేయకముందు పని మధ్యలో 91 డిగ్రీలు చూపేది, తర్వాత అదే షీటుకు 69. అప్పటి నుంచి మూడు రోజులుగా ఒక్కసారి కూడా తెర నల్లబడలేదు. రెండు ఆల్బంలు ఇచ్చేశాను.

ల్యాబ్ మాస్టారు, తిరుపతి:
చాలా సంతోషం అమ్మా. రోజుకు ఐదు నుంచి ఒకటికి తగ్గించింది డ్రైవరేనని మాత్రం గుర్తుంచుకోండి.

కట్టమంచి సర్వీసు, చిత్తూరు:
ఒకటి నుంచి సున్నాకు తెచ్చింది దుమ్ము దులపడం. మాస్టారూ, నా అనుమానం ఇది. కొత్త డ్రైవర్ కార్డు చేత కొంచెం ఎక్కువ పని చేయించి ఉండాలి, దుమ్ము పట్టిన కార్డు ఆ కాస్త భారం మోయలేకపోయింది. శుభ్రం చేసిన కార్డు మీద అదే కొత్త డ్రైవర్ వేసి చూస్తే తేలిపోతుంది. నిలబడితే డ్రైవర్‌లో తప్పు లేనట్టే.

రేణిగుంట నెట్‌వర్క్:
అన్న చెప్పిన పరీక్ష నాకూ కావాలి. మొన్నటి డ్రైవర్ కాకపోతే భద్రతా విడుదలైనా వేయండి. అంతవరకు బయటి పెన్‌డ్రైవ్‌లు ఆ కంప్యూటర్‌కు పెట్టకండి.

చంద్రగిరి ఆల్బం:
పెన్‌డ్రైవ్‌లు నేటి నుంచి నాన్న పాత ల్యాప్‌టాప్‌లోనే తెరుస్తాం. మూడో ఆల్బం శుక్రవారం ఇవ్వాలి. అది ప్రింటుకు వెళ్లాక, శనివారం కొత్త డ్రైవర్ వేసి మధ్యాహ్నం మూడింటికే అదే షీటు తెరుస్తాను. ఏమైందో ఇక్కడే రాస్తాను.