సెయింట్ అగస్టీన్ కోట: గుల్లల రాయి ఫిరంగికి ఎట్లా ఓర్చుకుంది?

ఎర్రగుంట్ల బండలాయన:
మా పెద్దోడు అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో ఉంటాడు. ఈసారి మేం పోతే దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉండే సెయింట్ అగస్టీన్ చూపిస్తానంటున్నాడు. స్పెయిన్ వాళ్లు పెట్టిన ఊరంట, వాళ్ల కోట ఇప్పటికీ నిలబడే ఉందంట. ఫోటో పంపితే చూశా, రాయి నిండా గుల్లలే! నా వయసంతా బండల పనిలోనే గడిచింది. మన కడప బండకు దెబ్బ సరిగా పడకపోతే నిలువునా పగులుతుంది. అట్లాంటిది ఈ గుల్లల రాయి ఫిరంగి గుండ్లకు ఎట్లా ఆగింది? తెలిసినవాళ్లు చెప్పండి. పనిలో పనిగా ఆ ఊరి కథ కూడా.

ప్రొద్దుటూరోడు ఫ్లోరిడాలో:
అన్నా, మాది ఆ ఊరికి గంట దూరం. చుట్టాలెవరొచ్చినా తిప్పి చూపించే డ్యూటీ నాదే. కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ రాయి పేరు కొకీనా. ఎదురుగా ఉన్న అనస్తాసియా దీవిలో తవ్వి నీళ్ల మీదుగా తెచ్చారు. దగ్గరగా చూస్తే అచ్చం బొరుగుల ఉండే. గోరంత చిప్పలు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో సందులు. తవ్వినప్పుడు మెత్తన, గాలికి ఆరితే గట్టిపడుతుంది. కోటను కాపాడింది ఆ సందులే. గుండు తగిలితే పగులు పారదు. తగిలినచోట రాయి నలుగుతుంది, గుండు గోడలోనే కూరుకుపోతుంది. దానికితోడు కింద గోడ మందం పది అడుగుల పైమాటే. సున్నం కూడా ఆల్చిప్పలు కాల్చి చేసిన గుల్ల సున్నమే.

దీనికి ముందు వరసగా తొమ్మిది కొయ్య కోటలు కట్టారు. 1586లో ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ వచ్చి ఊరు తగలబెట్టాడు. 1668లో రాబర్ట్ సెర్ల్ అనే ఇంగ్లీషు ఓడదొంగ రాత్రిపూట దిగి దోచుకుపోయాడు. అప్పుడు గానీ స్పెయిన్ దర్బారులో కదలిక రాలేదు. 1672లో మొదలుపెట్టిన రాతికోట 1695కి పూర్తయింది. మేస్త్రీలను క్యూబాలోని హవానా నుంచి పిలిపించారు, అదీ స్పెయిన్ వాళ్లదే. రాళ్లు మోసి చచ్చింది మాత్రం ఎక్కువగా అక్కడి ఆదివాసులు. సెల్ఫీలు దిగేవాళ్లలో ఒక్కరూ వాళ్ల సంగతి అడగరు.

1702లో ఉత్తరాన ఇంగ్లీషువాళ్ల వలస అయిన కరోలినా గవర్నర్ జేమ్స్ మూర్ దండెత్తి వచ్చాడు. సుమారు 1500 మంది కోటలో తలదాచుకున్నారు. ఏడు వారాలు కొట్టినా గోడ కూలలేదు. హవానా ఓడలు రాగానే మూర్ ఊరంతా కాల్చి వెళ్లిపోయాడు. అందుకే అక్కడ ఎంత పాత ఇల్లని చెప్పి చూపించినా అది 1702 తర్వాతిదే. టికెట్ కొనేముందు గుర్తుపెట్టుకోండి. 1740లో ఇంకో ఇంగ్లీషు వలస జార్జియా నుంచి ఓగ్లథోర్ప్ వచ్చి, తమాషా ఏంటంటే, ఆ రాయి తవ్విన దీవి మీదే ఫిరంగులు పెట్టి కొట్టాడు. ఆయనకూ లొంగలేదు.

పెనుకొండ మాస్టారు:
ఒక మాట కలుపుతాను. ఇది అమెరికాలోకెల్లా పాత ఊరని గైడ్లు ఊదరగొడతారు. కానీ అమెరికా ఏలుబడిలోనే ఉన్న ప్యూర్టో రికో దీవిలో శాన్ హువాన్ 1521 నాటిది. ప్రధాన భూభాగంలో యూరప్ వాళ్లు పెట్టి, జనం విడవకుండా ఉంటున్న ఊళ్లలో అయితే ఇదే పాతది. ఊరు పెట్టిన స్పెయిన్ దళపతి పెద్రో మెనెండెజ్ అక్కడ దిగింది 1565 సెప్టెంబర్‌లో. అదే ఏడాది జనవరిలో ఇక్కడ రాక్షస తంగడి యుద్ధం. విజయనగరం పోయి రాజధాని మా పెనుకొండకు వచ్చింది.

ఇంకోటి. ఫిరంగులతో గెలవలేని కోట కాగితం మీద చేతులు మారింది. 1763లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్న హవానాను వెనక్కి తీసుకోవడానికి స్పెయిన్ ఫ్లోరిడాను వాళ్లకు ఇచ్చేసింది. ఊళ్లో స్పెయిన్ వాళ్లు దాదాపు అందరూ మూటాముల్లె సర్దుకుని క్యూబాకు పోయారు. 1783లో మళ్లీ స్పెయిన్‌కే వచ్చింది, 1821లో అమెరికా చేతికి పోయింది.

ఎర్రగుంట్ల బండలాయన:
ఇద్దరికీ దండాలు. గుల్ల సున్నం అన్నాక ఇంక ఆగలేను. గోడను చేత్తో తడిమి చూడనిస్తారా?

ప్రొద్దుటూరోడు ఫ్లోరిడాలో:
కోట గోడలు ఎక్కొద్దు, కూర్చోవద్దు అంటారన్నా, రాయి అరిగిపోతుందని. ఊరి సందుల్లో ప్రహరీలు కూడా కొకీనాతో కట్టినవి ఉన్నాయి, అక్కడ తీరిగ్గా చూసుకోండి. సూట్‌కేసులో సుత్తి మాత్రం పెట్టుకోకండి.