వేడెక్కితే ఆగిపోయే పాత మారుతి 800: కాయిలా, ఇగ్నైటరా?

ప్రశ్న (మడిపాక్కం, చెన్నై):
నా దగ్గర 1996 నాటి కార్బ్యురేటర్ మారుతి 800 ఉంది. డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకు స్పార్కు పంచే భాగం) పాయింట్లు లేవు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనే. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకునే ఈ బండి, కత్తిరి ఎండలు (మే నెల మండుటెండలు) మొదలైనప్పటి నుంచి, కత్తిపారా వంతెన ఎక్కేసరికి స్విచ్చి తీసినట్టు ఆగిపోతోంది. అరగంట బానెట్ ఎత్తి ఉంచితే మళ్ళీ మామూలుగా స్టార్టవుతుంది. మెకానిక్ గారు రెండుసార్లు కార్బ్యురేటర్ కడిగి, ఇప్పుడు కాయిల్ (స్పార్కుకు కావలసిన అధిక వోల్టేజీ ఇచ్చేది), ఇగ్నైటర్ (కాయిల్ కరెంటును కలిపి తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్చి) రెండూ మార్చేద్దామంటున్నారు. పుదుప్పేట విడిభాగాల బజారులో డబ్బు పోసే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకునే మార్గం ఉంటే తెలియజేయగలరు.

జవాబు 1:
పెట్రోలు అందకపోతే బండి సాధారణంగా కుదుపులిచ్చి నీరసించి ఆగుతుంది కనుక మీది ఇగ్నిషన్ లోపంలాగే ఉంది. అయినా లక్షణాన్ని నమ్మి సామాను కొనకండి. చల్లారితే లోపం దాక్కుంటుంది కాబట్టి పరీక్ష ఆగిన చోటే, ఆగిన వెంటనే చేయాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి యాక్సిలరేటర్ లివరు కదిపితే కార్బ్యురేటర్‌లోకి పెట్రోలు చిమ్మాలి. ఫిల్టర్ తిరిగి బిగించాక, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్ళే మధ్య వైరుకు ఒక విడి ప్లగ్గు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ లోహానికి గట్టిగా ఆనించి సెల్ఫ్ కొట్టించండి (చేత్తో పట్టుకోవద్దు, వైరును గాలిలో వదిలితే ఇగ్నైటరే పోవచ్చు). స్పార్కు లేకపోతే, కీ ఆన్‌లో కాయిల్ ప్లస్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయేమో చూసి, బ్యాటరీ ప్లస్‌కూ కాయిల్ మైనస్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి మళ్ళీ సెల్ఫ్ కొట్టించాలి. ల్యాంపు మినుకుతున్నా స్పార్కు రాకపోతే కాయిల్‌ను అనుమానించాలి. వోల్టేజీ ఉన్నా ల్యాంపు మినుకకపోతే లోపం పికప్ కాయిల్‌దో (డిస్ట్రిబ్యూటర్ లోపల ఉండి, స్పార్కు ఎప్పుడు రావాలో ఇగ్నైటర్‌కు సంకేతమిచ్చే చిన్న తీగచుట్ట), ఇగ్నైటర్‌దో.

జవాబు 2:
ఈ ఎండకు పెట్రోలు పంపులో ఆవిరి పట్టడమూ ఉంది. కాకపోతే చల్లబరిచి చూసేందుకు తడిగుడ్డను పంపు మీదా కాయిల్ మీదా ఒకేసారి వేయకండి, దేనివల్ల స్టార్టయిందో తెలియదు. ఆ తెలివితోనే నేను బాగున్న పంపును మార్చాను.

ప్రశ్న అడిగినవారు:
నిన్న వంతెన దిగగానే ఆగింది. పెట్రోలు చిమ్మింది, స్పార్కు లేదు, కాయిల్ ప్లస్‌లో 12.1 వోల్టులు, ల్యాంపు మినుకలేదు. కనెక్టర్ ఊడదీసి పికప్ కాయిల్ కొలిస్తే మీటరు ఏమీ చూపలేదు; ఇంటికి చేరి చల్లారాక 160 ఓమ్‌లు వచ్చింది.

జవాబు 1:
అయితే ఇగ్నైటర్ జోలికి పోవద్దు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, పికప్ కాయిల్‌కు మీటరు తగిలించి, డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీలుస్తూ మీటరు చూడండి. అప్పుడు లోపలి ప్లేటు తిరుగుతుంది, దానితో పాటు పికప్ తీగా వంగుతుంది. ఏళ్ళ తరబడి అలా వంగిన తీగ, పైన తొడుగు బాగానే ఉన్నా, లోపల తెగి ఉండవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
పీల్చిన ప్రతిసారీ రీడింగు మాయమవుతోంది. తొడుగు చీల్చితే చిలుము పట్టిన రెండు పోగులు తప్ప తక్కినవన్నీ తెగి ఉన్నాయి. టంకం పెట్టించనా?

జవాబు 1:
పెట్టించవచ్చు, కానీ టంకం పడిన చోట తీగ బిరుసెక్కి మళ్ళీ అక్కడే విరుగుతుంది. అతుకును ప్లేటు కదలని వైపుకు జరిపి, కదిలే భాగానికి సన్నపోగుల మెత్తని వైరు వేయించి, రోటర్‌కు (డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే భాగం) తగలనంత మేరకే వదులు ఉంచండి.