సమస్య: క్షౌర మొల్లని వానికే గాన మబ్బె

ఓరుగల్లు తోరణం (నిర్వహణ):
ఈ వారం సమస్యగా తేటగీతి పాదం ఇస్తున్నాను, ఇది చివరి పాదంగా వచ్చేట్టు పై మూడూ మీరు పూరించాలి.

"క్షౌర మొల్లని వానికే గాన మబ్బె"

క్షవరం వద్దన్నవాడికే పాట వచ్చిందట! షరతు ఒక్కటే, పూరణ హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్రాజ్ గారి మీద ఉండాలి. ఆయన 1930లో హర్యానాలో పుట్టినా చిన్నతనం గడిచింది మన హైదరాబాద్‌లోనే. తండ్రి మోతీరామ్‌ను నిజాం ఉస్మాన్ అలీఖాన్ దర్బారు గాయకుడిగా నియమించాల్సిన రోజునే, 1934లో, ఆయన కన్నుమూశారు. ఆ తండ్రి స్మృతిలో జస్రాజ్ 1972 నుంచి హైదరాబాద్‌లో ఏటా సంగీత సమారోహ్ జరిపించారు. మనలో కాజీపేటలో రైలెక్కి వెళ్లి విన్నవాళ్లు ఉన్నారు కాబట్టి "ఓరుగల్లుకూ ఆయనకూ ఏం సంబంధం" అని ఎవరూ అడగొద్దు.

ఇంకో మాట. క్ష-గ యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) చెల్లుతుంది, ఔ-ఆ మైత్రి కూడా ఉంది. పోయినసారి సగం చర్చ యతికే సరిపోయింది.

కాజీపేట జంక్షన్:

చచ్చు తోలును కొట్టెడి జాణ వీవు
రాగ మేమెరుగుదువన్న రవ్వ తాకి
పాడు వరకును కత్తెర పడదటంచు
క్షౌర మొల్లని వానికే గాన మబ్బె

సందర్భం తెలియనివాళ్ల కోసం: 1945, లాహోర్. అప్పటికి జస్రాజ్ తబలా వాయించే కుర్రాడు. గాయకుడు కుమార్ గంధర్వ పాడిన భీంపలాసీ రాగాన్ని ఒక పెద్ద విద్వాంసుడు తప్పుపడితే ఈయన అడ్డుపడ్డాడు. "చచ్చిన తోలు వాయించేవాడివి, రాగం సంగతి నీకేం తెలుసు" అన్నాడట ఆ పెద్దాయన. గాయకుడయ్యేదాకా జుట్టు కత్తిరించనని శపథం అప్పుడే.

చపాటా మిర్చి:
ధార బాగుంది సార్. మొదటి పాదంలో 'జాణ' అన్న వెటకారం సరిగ్గా తగిలింది. అయితే ఇది కథ చెప్పినట్టుంది గానీ చిక్కు విడలేదు. వద్దనడానికి కారణం దొరికింది, 'వానికే' అన్నదానికి దొరకలేదు. మిగతా గాయకులంతా శుభ్రంగా క్షవరం చేయించుకునే పాడారు కదా!

కాజీపేట జంక్షన్:
రాగం తెలియదని అనిపించుకున్నవాడికే అబ్బింది అని నా ఉద్దేశం.

చపాటా మిర్చి:
అది మీ మనసులో ఉంది, పద్యంలోకి దిగలేదు.

(పేరుకే మిర్చి, కారం తక్కువ అనుకుంటాం చపాటాను. ఈయన దగ్గర ఆ లెక్క తప్పింది. – నిర్వహణ)

పాకాల గాలి:

బడికి పోయెడి బాటలో పాట వినుచు
మరచె బడిగంట నంగడి మలుపు కాడ
తలను దువ్వెడు తీరిక తనకు లేక
క్షౌర మొల్లని వానికే గాన మబ్బె

చపాటా మిర్చి:
హైదరాబాద్‌లో బడికి పోతూ అంగట్లో గ్రామఫోన్ మీద బేగం అఖ్తర్ గజల్ వింటూ నిలబడిపోయిన పిల్లవాడు కళ్లకు కట్టాడు. "మలుపు కాడ" అన్న మన మాట పద్యానికే వెలుగు. కానీ శపథం నాటికి ఆయనకు పదిహేనేళ్లు. బడి ఈడు పిల్లవాడి చెదిరిన జుట్టునూ, ఆ శపథపు జుట్టునూ ఒకే తలకు అంటించారు. పైగా తీరిక లేకపోవడం వేరు, ఒల్లకపోవడం వేరు.

ములుగు బస్సు:
మొదటిసారి రాస్తున్న, తప్పులుంటే చెప్పండి అన్నా.

తబల వదలిన జస్రాజు పాటకొరకు
నన్న మణిరాము పాదాల నాశ్రయించె
పట్టు విడువక జుట్టును పట్టనీక
క్షౌర మొల్లని వానికే గాన మబ్బె

ఓరుగల్లు తోరణం:
మూడో పాదం చాలా బాగుంది తమ్మీ. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, 'త'కు 'పా' కుదరదు. "తానమునకు" అని మార్చు, గణాలు కదలవు, అర్థం కూడా చెడదు. తబలా నేర్పింది ఒక అన్న ప్రతాప్ నారాయణ్, గాత్రం నేర్పింది పెద్దన్న మణిరామ్. సరైన అన్ననే పట్టుకున్నావు.

లక్నవరం:

భజన కలిపి ఖయాలును పాడుజేసె
ననిరి పండితు, లూరంత యతని వెంట
కత్తిరింపు మటన్నను కదలడాయె
క్షౌర మొల్లని వానికే గాన మబ్బె

చపాటా మిర్చి:
ఇది పూరణ! క్షౌరం తల మీంచి దిగి పాట మీదికి వచ్చింది. ఠుమ్రీ అనే తేలికపాటి గానపు సొగసులు, భక్తి తెచ్చి ఖయాల్ అనే శాస్త్రీయ గానంలో కలుపుతున్నాడని ఛాందసులు గొణిగిన మాట నిజమే. ఆయన వాటిని కత్తిరించుకోలేదు. అందుకే ఆయన గానం ఆయనదే అయింది, 'వానికే' అన్నది నిలబడింది. ఆయన రూపొందించిన జస్రంగి జుగల్బందీ సంగతే చూడండి. ఆడ గొంతు, మగ గొంతు వేరువేరు శ్రుతుల్లో వేరువేరు రాగాలు ఒకేసారి పాడాలి. పద్ధతి తప్పుతుందని భయపడేవాడు దాని జోలికే పోడు.

ఒక్క అభ్యంతరం ఉంది. "పాడుజేసె" మోటుగా ఉంది, ఆ పండితులు కూడా అంత మాట అనరేమో.

పాకాల గాలి:
నాకైతే 'ఊరంత' దగ్గర అనుమానం. మన దగ్గర ఖయాల్ వినేదెవరు?

లక్నవరం:
ఖయాల్ అని తెలియకుండానే వింటారు. అడాణా రాగంలో ఆయన పాడిన కాళికా స్తుతి భద్రకాళి గుడికి పోయేవాళ్ల ఫోన్లలో నేను విన్న. రాగం పేరు అడిగితే ఎవరూ చెప్పలేదు, పాట మాత్రం ఆపలేదు.

కాజీపేట జంక్షన్:
ఆయన పేరు పెట్టిన గ్రహశకలం మీద ఎవరూ రాయలేదేం? దాని సంఖ్య 300128, పుట్టిన తేదీ 28-01-30 తిరగేసినట్టే.

చపాటా మిర్చి:
గ్రహశకలానికి క్షవరం ఎట్ల చేయిస్తారు సార్?

ఓరుగల్లు తోరణం:
ఈసారి మొదటి స్థానం లక్నవరం గారి పూరణకే. కాజీపేట గారిది ధారలో దానికంటే మెరుగు, అయినా సమస్యకు జవాబు ముఖ్యం. 1952లో ఖాట్మండులో త్రిభువన్ రాజు ముందు చేసిన తొలి కచేరీని ఎవరూ ముట్టుకోలేదు, అదొక్కటే నాకు వెలితి. వచ్చే ఆదివారం కందపాదం ఇస్తాను. ములుగు తమ్మీ, బేసి గణాల్లో జగణం (లఘువు, గురువు, లఘువు) రావద్దు, ముందే చూసుకో.